బడిపిల్లలు ప్రయోగమును వ్రాయు విధము



నేడు నేను చెప్పబోవు విషయము పిల్లలది; వినవలసినవారు మాత్రము పెద్దలు. బడిలో చేసిన విజ్ఞానశాస్త్ర ప్రయోగమును పిల్లలు తమ పుస్తకములో ఎట్లు వ్రాయవలెననునదే ఆ విషయము. “అది పంతుళ్ళు చూచుకొనవలసిన పని కదా, మాకేల?” అని మీరు అడుగవచ్చును. మీకేలనో ముందుగా మనవి చేసెదను.

మొన్నటి వానకాలమున మా కారేపల్లిలో ఒకనాటి సాయంకాలము ఒక పెద్దమనిషి ఇంటి అరుగుమీద కూర్చుండి యుంటిని. ఆయన మనుమరాలు తొమ్మిదవ తరగతి చదువుచున్నది. ఆయన లోనికి కేకవేసి ఆ బాలిక ప్రయోగ పుస్తకమును తెప్పించి నా చేతికిచ్చి, “పంతులుగారూ, మా పిల్ల రాత చూడుండ్రి, ముత్యాల లెక్క ఉంటది” అనెను. నిజముగా ముత్యములవలెనే యుండెను. ఎడమ పుటలో రంగుల బొమ్మలు, కుడి పుటలో తీర్చిన అక్షరములు, ఎఱ్ఱసిరాతో గీచిన శీర్షికలు. ఎక్కడను ఒక్క కొట్టివేత లేదు. విత్తనములు మొలకెత్తుటకు నీరు, గాలి, వెచ్చదనము కావలెనని చూపు ప్రయోగము అందులో నుండెను. “ఎన్ని గింజలు పెట్టితివమ్మా?” అని యడిగితిని. ఆ పిల్ల తాతవైపు చూచి, నావైపు చూచి, తలవంచుకొని, “పెట్టలేదు సార్. గైడులో చూసి రాసినం” అనెను. తాతగారికి ఆ మాటలో తప్పేమియు కనబడలేదు. “రాత మాత్రం మంచిగున్నది కద” అని పుస్తకమును తిరిగి పుచ్చుకొనెను.

ఆ బాలికను నేను తప్పుపట్టలేదు. అది ఒక్క యింటి సంగతి కాదు. ఇట్టి వ్రాతకు నేనును ఒకప్పుడు కారకుడనైతిని; ఆ కథ కొంచెము తరువాత చెప్పెదను. ముందుగా మీ అందరికిని తెలిసిన మాట ఒకటి జ్ఞాపకము చేసెదను.

మనలో అరువది యేండ్లు దాటినవారికి పహాణీ అను మాట క్రొత్తది కాదు. ఏ సర్వే నంబరులో ఎవరు సాగు చేయుచున్నారు, ఏ పంట వేసిరి, ఎంత భూమి బీడుగా నున్నది అని పొలము గట్టుమీద నిలిచి, కంటితో చూచి వ్రాయవలసిన పత్రమది. అట్లు వ్రాసినప్పుడు అది రైతునకు కొండంత అండగా నుండెను. వ్రాయువాడు పొలమునకు పోక, ఇంటిలో కూర్చుండి, నిరుటి పుస్తకమును ముందుంచుకొని ఈ యేటిది వ్రాసినచోట ఏమి జరిగెనో మీకు తెలియును. దున్నినవాని పేరు పోయెను. దున్ననివాని పేరు నిలిచెను. బీడుపడిన చెలకలో జొన్న పండినట్లు కాగితము సాక్ష్యము పలికెను. ఆ కాగితములో అక్షరదోషము లేదు, దస్తూరి చక్కనిదే. లోపమొక్కటే: వ్రాసినవాడు చూడలేదు.

పిల్లల ప్రయోగ పుస్తకము కూడ ఒక పహాణీయే. ప్రయోగము పొలము, పుస్తకము పత్రము. పొలమునకు పోకుండ పత్రము నింపుట పదునాలుగేండ్ల వయస్సుననే అలవాటైనచో, ఆ బిడ్డ రేపు వైద్యుడై రోగిని చూడక రోగము పేరు వ్రాయును. ఇంజనీరై వంతెనను చూడక “బాగున్నది” అని సంతకము చేయును. ఆ రోగులము మనము. ఆ వంతెనమీద నడచువారము మనము. కావుననే ఈ మాట మీతో చెప్పుచున్నాను.

ఇక నా కథ. నేను వ్యాకరణము, తర్కము, కావ్యములు గురుముఖమున చదివి తెలుగు పండితుడనైనవాడను. ఖమ్మమునకును భద్రాచలమునకును నడుమ అడవి అంచునగల ఒక చిన్న బడిలో పనిచేయుచుండగా, విజ్ఞానశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుడు బదిలీయై పోయెను. రెండు సంవత్సరములు ఆయన స్థానమున ఎవ్వరును రాలేదు. పిల్లల చదువు ఆగరాదని ఆ పాఠములు కూడ నేనే చెప్పితిని.

వానిలో కొవ్వొత్తి ప్రయోగము ఒకటి. పళ్ళెములో నీరు పోసి, నడుమ కొవ్వొత్తి నిలిపి, వెలిగించి, దానిపై గాజు గ్లాసు బోర్లించవలెను. కొంతసేపటికి దీపము ఆరును, గ్లాసులోనికి నీరెక్కును. గాలిలో దాదాపు ఐదవవంతు ప్రాణవాయువు కలదు, అది మంటకు ఖర్చయిపోవును, ఆ ఖాళీని నీరు నింపును, కావున నీరు ఐదవవంతు ఎక్కును అని నాయొద్దనున్న పుస్తకములో నుండెను. తరగతిలోని వారందరును “నీరు సరిగా ఐదవవంతు ఎక్కినది” అని వ్రాసి తెచ్చిరి. ఒక్క బాలుడు మాత్రము ఇట్లు వ్రాసెను: “దీపం మండినంతసేపు నీళ్ళు ఎక్కలేదు. గ్లాసు అంచు కింద నుంచి బుడగలు వచ్చినవి. దీపం ఆరిన తర్వాత నీళ్ళు గబగబ ఎక్కినవి. ఒక కొవ్వొత్తి పెడితే ఒకటిన్నర వేళ్ళు ఎక్కినవి. రెండు పెడితే రెండున్నర వేళ్ళు ఎక్కినవి. గ్లాసు అదే.”

నేను ఆ వాక్యములమీద ఎఱ్ఱసిరాతో అడ్డగీత గీచి, “తప్పు. పాఠము చూచి మరల వ్రాయుము” అని వ్రాసితిని. ఆ బాలుడు నా బల్లయొద్దకు వచ్చి, “నేను చూసిందే రాసిన సార్” అనెను. “నీవు చూచుటయే తప్పు” అంటిని. అతడు మారుమాటాడలేదు. మరునాడు అందరివలెనే “ఐదవవంతు” అని వ్రాసి తెచ్చెను. నేను మార్కులు వేసితిని.

మరుసటి సంవత్సరము క్రొత్తగా వచ్చిన విజ్ఞానశాస్త్రోపాధ్యాయునితో మాటల సందర్భమున ఈ సంగతి చెప్పితిని. ఆయన నవ్వలేదు. “ఆ పిల్లవాడు వ్రాసినదే సరియైనది” అని విడమరచి చెప్పెను. ప్రాణవాయువు అంతయు ఖర్చు కాకముందే, అందులో చాలభాగము ఇంకను మిగిలియుండగనే దీపము ఆరును. ఖర్చయిన దానికి బదులు మంటనుండి బొగ్గుపులుసు వాయువును, నీటి ఆవిరియు పుట్టుచుండును. నీరెక్కుటకు ముఖ్యకారణము వేడి. మంటచేత గ్లాసులోని గాలి వేడెక్కి వ్యాకోచించును. కొంత గాలి అంచు క్రిందుగా బుడగలై వెలుపలికి పోవును. దీపము ఆరగనే మిగిలిన గాలి చల్లబడి సంకోచించును, ఆవిరి నీరగును. అప్పుడు బయటి గాలి ఒత్తిడి నీటిని లోనికి నెట్టును. రెండు కొవ్వొత్తులు పెట్టినచో వేడి హెచ్చు, పోయిన గాలి హెచ్చు, ఎక్కిన నీరును హెచ్చు. ప్రాణవాయువు తరుగుటయే కారణమైనచో, అదే గ్లాసులో ఒక కొవ్వొత్తి పెట్టినను రెండు పెట్టినను నీరు ఒకే ఎత్తునకు ఎక్కవలెను గదా! ఆ బాలుడు పుస్తకములోని పొరపాటును పట్టియిచ్చు సాక్ష్యమును తన చేతితో వ్రాసి తెచ్చెను. నేను దానిని కొట్టివేసితిని.

చాల యేండ్ల తరువాత, ఇల్లెందు దారి చీలు మా కారేపల్లి రైలు స్టేషనులో ఒక యువకుడు నాకు నమస్కరించెను. అతడే. కుశలప్రశ్నలైన పిమ్మట నేనే ఆ కొవ్వొత్తి మాటను ఎత్తి, “నాయనా, ఆనాడు నీవు వ్రాసినదే నిజము, నేను వ్రాసినది తప్పు” అంటిని. అతడు మొగమాటపడి, “ఎప్పటి మాట సార్ అది! ఆ తర్వాత నేను పుస్తకంల ఉన్నదే రాసిన. మార్కులు మంచిగనే వచ్చినయి” అనెను. అతని మాటలో నిష్ఠురము లేదు. కాని ఒక బాలుడు తన కన్నులను నమ్ముట ఏనాడు మానెనో, ఎవరి చేతిమీదుగా మానెనో నాకు ఆనాడు స్పష్టముగా తెలిసెను.

నేను తర్కము చదివినవాడనై యుండియు ఇట్లు చేయుట మరింత సిగ్గుచేటు. ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము మా కాలమున బాలశిక్షవంటిది. ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని ప్రమాణములు నాలుగని అందు చెప్పబడినది. కంటితో చూచుట ప్రత్యక్షము. కొండమీద పొగను చూచి అచ్చట నిప్పున్నదని గ్రహించుట అనుమానము. ఆవును పోలియుండు మృగమును అడవిలో చూచి, మునుపు విన్న పోలికచేత దానిని గుర్తించుట ఉపమానము. నమ్మదగినవాడు చెప్పిన మాట శబ్దము. ఈ నాలుగును ప్రమాణములే. కాని దేని చోటు దానిది. పొగను చూచినవాడు “పొగ చూచితిని” అనవలెను; “నిప్పు చూచితిని” అనరాదు. నిప్పున్నదని అతడు ఊహించెను. ఆ ఊహ సరియైనది కావచ్చును. ఐనను అది చూచినది కాదు. పాఠ్యపుస్తకము శబ్దప్రమాణము. దానిని గౌరవింపవలసినదే. ప్రత్యక్షము వ్రాయవలసిన గడిలో శబ్దమును దింపుటయే నేను ఆ పిల్లవానిచేత చేయించిన అపరాధము.

ఈ భేదమును మనస్సున నిలుపుకొన్నచో ప్రయోగమును వ్రాయు పద్ధతి సులభముగా తెలియును. బడులలో సాధారణముగా ఐదు భాగములుగా వ్రాయింతురు: ఉద్దేశము, సామగ్రి, విధానము, పరిశీలన, నిర్ణయము. మనకు తెలిసిన మట్టి ప్రయోగమునే తీసికొని ఒక్కొక్కదానిని చూతము. చెలక మన్ను, రేగడి మన్ను, ఈ రెండింటిలో ఏది నీటిని ఎక్కువగా పట్టియుంచునో పిల్లలు తెలిసికొనదలచిరి అనుకొందము. రెండు ప్లాస్టిక్ సీసాల అడుగులు కోసి, మూతులకు పలుచని గుడ్డ కట్టి, తలక్రిందుగా నిలిపి, వానిలో మన్ను పోసి, పైనుండి నీరు పోసి, క్రింద పెట్టిన గిన్నెలలోనికి ఎంత నీరు దిగినదో కొలుచుట ఈ ప్రయోగము.

మొదటిది ఉద్దేశము. అది ప్రశ్నవలె నుండవలెను. “రేగడి నీటిని ఎక్కువ పట్టునని నిరూపించుట” అని వ్రాసినచో జవాబు ముందే నిర్ణయమైనది. ఇక కన్ను దానినే వెదకును. “రెండింటిలో ఏది ఎక్కువ నీటిని పట్టియుంచును?” అని వ్రాయుట మేలు. న్యాయస్థానములో తీర్పు ముందు, విచారణ వెనుక జరుగరాదు గదా.

రెండవది సామగ్రి. “కొంత మన్ను, కొన్ని నీళ్ళు” అని వ్రాయుట వ్యర్థము. ఏ పొలము మన్ను, ఎంత లోతునుండి తీసినది, ఎన్ని దినములు ఎండబెట్టినది, ఎంత తూచినది, ఎన్ని మిల్లీలీటర్ల నీరు పోసినది వ్రాయవలెను. పెండ్లివంటకు సరకుల పట్టీ వ్రాయువాడు “కొంత బియ్యము” అని వ్రాయడు. వ్రాసినచో వంటవాడు ఏమి తెచ్చును?

మూడవది విధానము. చేసినది చేసిన వరుసలో వ్రాయవలెను. “చేయవలెను, పోయవలెను” అని పుస్తకము ఆజ్ఞాపించినట్లు కాక, “తూచితిమి, పోసితిమి, పది నిమిషములు ఆగితిమి” అని జరిగినదానిని చెప్పవలెను. మధ్యలో గుడ్డ జారిన యెడల, “గుడ్డ జారినందున మరల మొదలుపెట్టితిమి” అని వ్రాయుట అవమానము కాదు. ఇచ్చట ఒక ముఖ్యసూత్రము కలదు: పోల్చునప్పుడు ఒక్కటి మాత్రమే మారవలెను. మన్ను మారినప్పుడు మన్ను తూకము, నీటి కొలత, గుడ్డ, సమయము ఒక్కటిగా నుండవలెను. ఒక యెద్దుకు దాణా పెట్టి రెండవదానిని పస్తుంచి, రెండింటిలో ఏది బలమైనదని పందెము వేయుట న్యాయమా?

నాలుగవది పరిశీలన. పుస్తకమునకు ప్రాణము ఇదియే. ఇందులో కన్ను చూచినది, చెవి విన్నది, కొలపాత్ర చెప్పినది తప్ప మరియొకటి ఉండరాదు. “ఎందుకనగా” అను మాట ఇక్కడ రానేరాదు. కొలతలను గళ్ళుగీచిన పట్టికలో వ్రాయవలెను. ప్రతి అంకె ప్రక్కను అది మిల్లీలీటర్లో, గ్రాములో, నిమిషములో తెలుపవలెను. ఒకమారు చేసి తృప్తిపడక మూడుమార్లు చేసి మూడు అంకెలను వ్రాయవలెను. మూడును ఒక్కటి కానక్కరలేదు. మూడుమార్లును ఒకే అంకె వచ్చినదని వ్రాసిన పుస్తకము చూచినప్పుడు నాకు అనుమానమే కలుగును. మూడింటిలో ఒకటి దూరముగా నున్నచో దానిని తుడిచివేయక అట్లే యుంచి, దాని ప్రక్కన గుర్తు పెట్టవలెను. పొరపాటున తప్పు వ్రాసినచో గీకక, తెల్లపూత పూయక, చదువుటకు వీలుగా ఒక్క గీత గీచి ప్రక్కన సరియైనది వ్రాయవలెను. దుకాణపు చిట్టాలో దిద్దుబాట్లు ఎట్లు చేయుదురో మీరెరుగుదురు. గీకిన చిట్టాను ఏ పంచాయితియు నమ్మదు.

పరిశీలన ఎంత విలువైనదో ఈ మట్టి ప్రయోగమే చూపును. ఎండిన రేగడి పెళ్ళలను నలుగగొట్టక అట్లే సీసాలో పోసినచో, మొదట పోసిన నీరు పెళ్ళల సందులనుండి ఇట్టే దిగిపోవచ్చును. పుస్తకము “రేగడి నీటిని నిలుపును” అనును. పిల్లల కన్ను “నీరు దిగిపోయినది” అనును. అప్పుడు పిల్లలు తప్పు చేసితిమని భయపడి పుస్తకములోని మాట వ్రాయుదురు. కాని తొలకరి వాన రేగడి నెఱ్ఱెలలోనికి ఎట్లు దిగిపోవునో, మన్ను నాని ఉబ్బి నెఱ్ఱెలు పూడిన పిమ్మట నీరెట్లు నిలుచునో మీరు ఏటేట చూచుచునే యున్నారు. పిల్లలు చూచినది తప్పు కాదు, అది రేగడి స్వభావములో ఒక భాగమే. “మొదట పోసిన నీరు త్వరగా దిగినది, తరువాతి నీరు నెమ్మదించినది, పెళ్ళలు నలుగగొట్టలేదు” అని వ్రాసిన పిల్లవాడు, పుస్తకమును దింపినవానికంటె ఎక్కువ తెలిసికొన్నవాడు.

ఐదవది నిర్ణయము. ఇది అనుమానప్రమాణమునకు చోటు. పొగనుండి నిప్పునకు పోవుట ఇక్కడ. పరిశీలనలోని అంకెలు ఎంత దూరము మోయగలవో అంత దూరమే పోవలెను. రెండు పొలముల మన్ను మాత్రమే చూచి “తెలంగాణములోని రేగడి నేలలన్నియు” అనరాదు. “మేము చూచిన రెండు మన్నులలో” అనవలెను. పాఠ్యపుస్తకము ఏమి చెప్పినదో కూడ ఇక్కడ వ్రాయవచ్చును, కాని “పుస్తకము ఇట్లు చెప్పుచున్నది, మాకు ఇట్లు వచ్చినది, భేదమునకు కారణము ఇది కావచ్చును” అని వేరువేరుగా వ్రాయవలెను. ఇట్లు వ్రాసినప్పుడు ప్రత్యక్షము, అనుమానము, శబ్దము మూడును తమ తమ పీటలమీద కూర్చుండును.

బొమ్మను గూర్చి ఒక మాట. రంగులు అక్కరలేదు. తాము వాడిన సీసా పగిలియున్నచో పగిలినట్లే గీయవలెను. భాగములకు పేర్లు వ్రాసి, పెన్సిలుతో శుభ్రముగా గీచిన చాలును.

ఇంతకు ఈ పద్ధతి పసిపిల్లల ఆటకు తగినదేనా, గొప్ప పనులకు కూడ ఇదియేనా అని సందేహము కలుగవచ్చును. మన సికిందరాబాదులోనే జరిగిన ఒక గొప్ప పనిని చెప్పి ఆ సందేహము తీర్చెదను. మన అడవి ప్రాంతమున చలిజ్వరమును, అనగా మలేరియాను ఎరుగని ఇల్లు లేదు. ఆ జ్వరమునకు దోమతో సంబంధమున్నదని మొదట కంటితో చూచిన వైద్యుడు రొనాల్డ్ రాస్. ఆయన సైనిక వైద్యుడుగా సికిందరాబాదు బేగంపేటలో నుండెను. హుసేన్ ఖాన్ అను రోగిని, కరచిన దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున ఇచ్చి, దోమలచేత కరపించి, ఆ దోమలను దినదినము కోసి సూక్ష్మదర్శినితో చూచుచుండెను. అంతకు ముందు సుమారు రెండేండ్లు వేరు జాతుల దోమలను ఎన్నింటినో కోసి చూచినను ఆయనకు ఏమియు కనబడలేదు. 1897 ఆగస్టు 20వ తేదీన, మచ్చల రెక్కలుగల ఒక దోమ కడుపుగోడలో నల్లని రేణువులుగల గుండ్రని కణములు కనబడెను. ఆ రేణువులు మలేరియా రోగి నెత్తురులోని పరాన్నజీవి యందు కనబడు రేణువులవంటివి. మరునాడు ఇంకొక దోమను కోయగా అవే కణములు మరింత పెద్దవై కనబడెను.

ఇప్పుడు ఆయన దానిని ఎట్లు వ్రాసెనో వినుడు. ఆ వ్యాసము అదే సంవత్సరము డిసెంబరు 18వ తేదీన బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను పత్రికలో వెలువడెను. “మలేరియా రహస్యమును కనుగొంటిని” అని దానికి శీర్షిక పెట్టలేదు. మలేరియా నెత్తురు త్రాగిన రెండు దోమలలో కనబడిన వింత రేణుకణములను గూర్చి యని మాత్రమే పెట్టెను. చూచినవి రెండు దోమలు. వ్రాసినది రెండు దోమలు. ఆ దోమ జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఆయనకు తెలియదు. తోచిన పేరు పెట్టక దాని రెక్కలెట్లున్నవి, గ్రుడ్లెట్లున్నవి అని వర్ణించెను. ఆ వర్ణననుబట్టి అది అనాఫిలిస్ జాతి యని తరువాతివారు గుర్తించిరి. తాను చూచినదానిని తోటి వైద్యునికి చూపి, ఆయన మాటను కూడ వ్యాసమునకు జతపరచెను. దోమకాటుచేతనే మనుష్యునికి జ్వరము వచ్చునని ఆ వ్యాసములో తేల్చి చెప్పలేదు. అది ఇంకను చూడలేదు గనుక. మరుసటి సంవత్సరము కలకత్తాలో పక్షుల మలేరియాను దోమలు ఒక పక్షినుండి మరియొక పక్షికి చేర్చుటను ఆయన చూపెను. అదే 1898లో ఇటలీ దేశపు శాస్త్రజ్ఞులు మనుష్యుల విషయమున చూపిరి. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము వచ్చెను.

ఆయన వ్యాసములోని మర్యాద ఏమి? చూచినంతయు వ్రాసెను, చూడనిది వ్రాయలేదు, ఇతరులు మరల చేసి చూచుకొనుటకు వలసిన వివరమిచ్చెను. బడిపిల్లవాని పుస్తకమునకును కావలసినవి ఈ మూడే. నేడు మన పల్లెలలో దోమతెరలు కట్టుకొనుట, నిలువనీటిని తొలగించుట అను ఆచారములకు వెనుక, ఒకడు ఒక దినమున తాను చూచినది చూచినట్లు వ్రాసిన పుటలు కలవు. ఆయన కూడ “ఇదివరకటి పుస్తకములలో ఇట్లు లేదు” అని ఆ కణములను విడిచిపెట్టి యుండినచో?

ఇక పెద్దలు చేయవలసినదేమి? మీకు భౌతికశాస్త్రము రానక్కరలేదు. సాయంకాలము మనుమడో మనుమరాలో ప్రయోగ పుస్తకము తెచ్చినప్పుడు దస్తూరిని మెచ్చుకొని ఊరకొనక, నాలుగు ప్రశ్నలు అడుగుడు. “ఇది నీవు చేసితివా, చూచితివా, విన్నావా?” అని మొదటిది. “ఎన్నిమార్లు చేసితివి?” అని రెండవది. “నీవు అనుకొన్నట్లు కానిది ఏమైన జరిగెనా?” అని మూడవది. “ఇది చదివి నేను మన యింటిలో చేయగలనా?” అని నాలుగవది. నాలుగవ ప్రశ్నకు జవాబుగా నిజముగనే చేసి చూడుడు. సీసా, గుడ్డ, మన్ను, నీరు ఏ యింటనైనను కలవు. పిల్ల వ్రాసినది చదువుచు మీరు చేయునప్పుడు ఎక్కడ ఆగిపోవుదురో అక్కడ వ్రాతలో లోపమున్నదని ఆ పిల్లకు తనంత తానే తెలియును. ఏ ఎఱ్ఱసిరాయు అంత చక్కగా నేర్పదు.

మరియొక సంగతి. ప్రయోగము చేయునప్పుడు దగ్గర నుంచుకొని వ్రాసిన చిత్తు పుస్తకమును చూపుమని అడుగుడు. మట్టి మరకలు, నీటి చుక్కలు, గీతలు, దిద్దుబాట్లు అందుండును. అది పొలము గట్టుమీద వ్రాసిన పహాణీ. దానిని పారవేయనీయకుడు. శుభ్రమైన ప్రతి దానినుండి పుట్టవలెను గాని గైడునుండి పుట్టరాదు.

నా తోటి ఉపాధ్యాయులకు ఒక్క విన్నపము. ప్రయోగము “రాలేదు” అని వ్రాసి, ఎందుకు రాలేదో వెదకిన పిల్లవానికి, “వచ్చినది” అని దింపినవానికంటె తక్కువ మార్కులు వేయవలదు. బడిలో సామగ్రి లేదందురు. నిజమే, చాలచోట్ల లేదు. సామగ్రి లేని నాడు “మేము ఈ ప్రయోగము చేయలేదు, పుస్తకములో చదివితిమి” అని పిల్లచేత వ్రాయించుడు. ఆ వాక్యములో అబద్ధము లేదు. అబద్ధము లేని పుట ఎంత చిన్నదైనను విజ్ఞానశాస్త్రమే.

ఆ అరుగుమీది బాలికకు మరునాడు నేను ఒక చారెడు పెసలు ఇచ్చి వచ్చితిని. కొన్ని తడిగుడ్డలో, కొన్ని పొడిగుడ్డలో, కొన్ని నిండుగా కాచి చల్లార్చిన నీటిలో మునుగునట్లు పెట్టుమంటిని. వారము దినముల పిమ్మట ఆమె ఒక నలిగిన కాగితము తెచ్చెను. ఇరువది గింజలలో తడిగుడ్డలోనివి పదునేడు మొలచినవనియు, మూడు మొలవలేదనియు వ్రాసియుండెను. “గైడులో అన్నీ మొలుస్తయని ఉన్నది సార్. మూడు ఎందుకు మొలవలే?” అని యడిగెను. ఆ కాగితమును తాతగారు మొదట వెలితిగా చూచెను. దస్తూరి వంకరగా నుండెను. పిమ్మట ఆయనే, “పుచ్చు గింజలై ఉంటయి బిడ్డా, పగలగొట్టి చూద్దాం పా” అని లేచెను. నేను వారిద్దరిని ఆ మూడు గింజలయొద్ద విడిచి ఇంటికి వచ్చితిని.

సెలవు.